ఇనప వంతెన మీద బ్లీచింగా?

సంపాదకుడు గారికి,

కార్తీక స్నానాల ఏర్పాట్లు పూర్తయ్యాయంటూ పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసిన ఫొటో గురించే ఈ ఉత్తరం. కాలువ మీది ఇనప నడక వంతెన పొడుగునా బ్లీచింగ్, సంక్రాంతి ముగ్గేసినట్టు. పక్కన వరసగా నిలబడ్డ నాయకులు. పాచి పోవాలని చల్లించారట. పాచి సంగతేమో గానీ, వంతెన మాత్రం పోతుంది.

సిమెంటు మెట్ల మీద బ్లీచింగ్ వేసి కడిగేస్తే పెద్ద నష్టం లేదు. ఇనుము సంగతి వేరు. క్లోరిన్ ఎగిరిపోయాక మిగిలే కాల్షియం క్లోరైడ్ గాలిలో చెమ్మను లాగి రేకును ఆరనివ్వదు. మొదట జింకు పూత పోతుంది, తర్వాత బోల్టు తలల కింద, వెల్డింగ్ అంచుల్లో తుప్పు మొదలవుతుంది. మంచు పడే దేశాల వాళ్లు అది కరగాలని రోడ్ల మీద ఉప్పు (అదీ క్లోరైడే) చల్లి వంతెనలు పాడుచేసుకున్నాకే, ఖరీదైనా సరేనని కొన్ని వంతెనల మీద కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ లాంటి క్లోరైడ్ లేని సరుకు వాడుతున్నారు. మనకు ఆ మంచూ లేదు, ఆ తెలివీ లేదు. పైగా అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలోనే ఉప్పుంది!

సున్నమూ వద్దు, అదీ జింకును తినేస్తుంది. పొడి ఇసుక చల్లితే చెప్పుల కింద గోళీల్లా దొర్లుతుంది. కొబ్బరి పీచు పట్టాలు పరిస్తే వాటి అడుగున తడి నిలిచి తుప్పు పడుతుంది. సబ్బు నీళ్లు, గట్టి నైలాన్ బ్రష్, ఆపైన మంచినీళ్లు చాలు. వైరు బ్రష్ వాడితే పూతే గీరుకుపోతుంది. బ్లీచింగ్ బస్తాలకైతే బిల్లు పెట్టొచ్చు, బ్రష్షుకు ఏం పెడతారు పాపం!

శాశ్వతంగా చేయాలంటే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే. బ్లాస్టింగ్‌తో, అంటే గరుకు పొడిని గాలితో వేగంగా కొట్టించి తుప్పు తీసి, జింక్ రిచ్ ప్రైమర్ (జింకు పొడి ఎక్కువున్న అడుగు పూత) మీద, రెండు డబ్బాల్లోవి కలిపి వాడే ఎపాక్సీ రంగు మందంగా పట్టించాలి. అది పచ్చిగా ఉండగానే, కాలు జారకుండా అర నుంచి ఒక మిల్లీమీటరు క్వార్ట్జ్ ఇసుక రంగు కనపడనంత నిండుగా చల్లి, మర్నాడు అంటుకోనిది ఊడ్చేసి, ఇసుక ఊడకుండా పైన పల్చగా సీల్ కోటు (ఆఖరి పూత) వేయాలి. ఊరికే దొరుకుతుందని గోదావరి ఇసుక చల్లారో, అందులోని తడికీ ఒండ్రుకూ పట్టు నిలవదు. గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపేయాలి. తెల్లారగట్ల ఇనుము మీద మంచు నీరు ఉంటుంది కాబట్టి ఎండెక్కాకే మొదలుపెట్టాలి. మనవాళ్లేమో పండక్కి వారం ముందు నున్నటి సిల్వర్ పెయింటు కొట్టించి చేతులు దులుపుకుంటారు. తడిసిందంటే దాని మీద కాలు నిలవదు. 2027 పుష్కరాలకూ ఇదే వరసైతే ఇక చెప్పేదేముంది?

ముందు ఆ వంతెన మీద పొడిని ఊడ్చి సంచుల్లోకి ఎత్తించండి. నేరుగా కడిగితే కాలువలో చేపలు తేలతాయి, ఆ నీళ్లే ఊళ్ల మంచినీటి చెరువులకూ వెళ్తాయి. ఊడ్చాక ప్లేటు పైనే కాదు, అడుగున దూలాలకూ మంచినీళ్లు కొట్టించండి. అక్కడికి వాన చేరదు.

– ఒక విశ్రాంత ఇంజనీరు, కోనసీమ