స్కేలు ఒకటే, కాగితం ఒకటి కాదు

సంపాదకులకు,

రాక్ బ్యాండ్ పెట్టుకోవాలనుకునే పిల్లల కోసం మీరు వేసిన వ్యాసం బాగుంది. ఒక్క చోటే ఆగిపోయాను. ఏదో ఒక స్కేలు (పాటకు వాడే స్వరాల వరస) ఎంచుకుని అదే అందరికీ రాసిస్తే సరిపోతుందన్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకుని అభాసుపాలయ్యాను కాబట్టి ఈ ఉత్తరం.

నేను కీబోర్డు వాయిస్తాను. మా బ్యాండ్‌కి పాటలు అరేంజ్ చేసే పనీ నాదే. ఓసారి ఇ మైనర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల స్కేలులో ఒక రిఫ్ (పదేపదే వచ్చే చిన్న బాణీ) కట్టి, ఇ, జి, ఎ, బి, డి అని ఐదు స్వరాలూ రాసి నలుగురికీ పంచాను. (శుద్ధ ధన్యాసి తెలిసినవాళ్లకు ఇవి పాత చుట్టాలే.) గిటార్, బేస్ హాయిగా కలిశాయి. కొత్తగా చేరిన ఆల్టో శాక్సఫోన్ కుర్రాడు అందుకోగానే అందరం చేతులు తీసేశాం. పాపం, అతను రాసింది రాసినట్టే వాయించాడు. కొన్ని ఊదే వాయిద్యాల్లో కాగితం మీది స్వరం ఒకటి, పలికేది ఇంకొకటి. ఆల్టో శాక్సఫోన్‌లో ఇ చూసి వాయిస్తే వినిపించేది జి మరి! మేము ఇ మైనర్‌లో ఉంటే అతను జి మైనర్‌లో ఉన్నాడు. ఐదింట్లో కలిసినవి జి, డి రెండే. అతనికి నేను రాయాల్సింది సి షార్ప్ మైనర్. అంటే నాలుగు షార్ప్‌లు (అర స్వరం పెంచిన స్వరాలు). ట్రంపెట్ కూడా ఉండుంటే దానికి ఎఫ్ షార్ప్ మైనర్ రాయాలి.

ఇ, ఎ అంటే గిటార్ వాళ్లకు ప్రాణం, వేలు నొక్కకుండానే మోగే ఖాళీ తీగలు దొరుకుతాయి. ఊదేవాళ్లకేమో తలనొప్పి. చాలా రాక్ బ్యాండ్లు చేసినట్టు గిటార్, బేస్ తీగలను అర స్వరం దించి చూశాం. పాట ఇ ఫ్లాట్ మైనర్‌కు దిగింది, శాక్సఫోన్ కాగితం సి మైనర్ అయింది, కుర్రాడి మొహం వెలిగింది. నాకు మొదట టెన్షన్ పట్టుకుంది గానీ, ఆ ఐదు స్వరాలూ కీబోర్డు మీద నల్లమెట్లే, ఐదుకైదూ! తెల్లమెట్టు తాకకుండా సోలో లాగించేశాను.

స్వరాలు కుదిరినా ఇంకో చిక్కు ఉంది. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టిన గిటార్‌లో గాంధారం కలిపితే మోత ముద్దయిపోతుంది. అందుకే పవర్ కార్డులో షడ్జమం, పంచమం మాత్రమే ఉంచుతారు. పాట మేజరా మైనరా అన్నది తేల్చేది గాంధారమే కాబట్టి, దాన్ని ఇంకెవరో చెప్పాలి, మా దగ్గర ఆ పని నాది. ఒక ఇ మేజర్ పాటలో నేను దాని గాంధారమైన జి షార్ప్ పట్టుకుని కూర్చుంటే గిటార్ సోలోలో మైనర్ గాంధారమైన జి వచ్చేది. గిటారిస్టు తీగను కాస్త లాగి దాన్ని జి షార్ప్ వైపు జరిపితే చెవికి ఎంత ఇంపో! అదే జి శాక్సఫోన్‌లో, నేను వాయించే స్థాయిలోనే, తిన్నగా వస్తే చెవిలో గుచ్చుకునేది. నాకు తీగ లేదు కదా లాగడానికి. పియానో టోన్ పెట్టి పిచ్ వీల్ (స్వరాన్ని జార్చే చక్రం) తిప్పితే నవ్వొస్తుంది. అందుకని జి మెట్టును అలా తాకి జి షార్ప్ మీద వాలతాను. శాక్సఫోన్ వచ్చే నాలుగు బార్లలో జి షార్ప్ వదిలేస్తాను. ఈ చిన్న సర్దుబాటుకు మాకు మూడు రిహార్సల్స్ పట్టాయి.

ఈసారి స్కేలు చార్టు అచ్చు వేసినప్పుడు, గిటార్ వరస పక్కన ఆల్టో శాక్సఫోన్‌కు, ట్రంపెట్‌కు ఏం రాయాలో కూడా వేయగలరా? రెండు వరసల చోటు చాలు.

ఇట్లు,
ఒక కీబోర్డు వాద్యకారుడు