ఫోన్ ఎత్తేవాళ్లు చాలామంది, బాధ్యత తీసుకునేవాళ్లు ఒక్కరూ లేరు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: నూనె ఆపని మీ ఫిల్టర్ మీడియా, మా మొర వినని మీ సర్వీసు గురించి

అయ్యా,

బాలానగర్‌లో మాది చిన్న మెషిన్ షాపు. కూలెంట్ నూనె కలిసిన నీళ్లు రోజూ వస్తాయి. పైకి తేలేది స్కిమ్మర్ తీసేస్తుంది, ఆలం (పటిక) వేసి, నూనె కలిసిపోయి తెల్లగా ఉన్న నీటిని విరగ్గొట్టి నూనెను విడదీస్తాం. ఆ తర్వాత కూడా మిగిలిపోయే సన్నటి నూనె కోసమే మీ ఆర్గానోక్లే మీడియా, అంటే నూనెను పట్టుకునే బంకమట్టి గుళికలు, దాని వెనక కార్బన్ (వడపోత బొగ్గు) పెట్టించుకున్నాం. ఈసారి వేసిన లోడుతో కొద్ది రోజులకే బయటికొచ్చే నీటి మీద జిడ్డు పొర కనిపించింది. చెరువుల్లోకి, వాగుల్లోకి వదిలే నీటిలో నూనెకు హద్దు లీటరుకు 10 మిల్లీగ్రాములు. ల్యాబ్ రిపోర్టు అది దాటింది. సరుకు ఒక్కోసారి తేడా వస్తుంది, దానికి నేను ఇంత పెద్ద ఉత్తరం రాయను. ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తీరుకే రాస్తున్నాను.

మీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి "సార్, మీ ఇంట్లో ప్యూరిఫయర్ ఏ మోడల్?" అని అడిగింది. ఫ్యాక్టరీ నీళ్లమ్మా అని మొదట్నుంచి చెప్పాను. కంప్లైంట్ రాసుకున్నామంది. మర్నాడే 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఎవరూ గేటు దాకా కూడా రాలేదు. మళ్లీ చేస్తే ఇంకొకాయన, మళ్లీ మొదట్నుంచి అదే కథ. ఆయన సలహా, బ్యాక్‌వాష్ చేయమని, అంటే నీళ్లు వెనక్కి తోసి కడగమని. మీడియా పట్టుకున్న నూనె బ్యాక్‌వాష్‌తో వదలదు. ఇరుక్కున్న మట్టి మాత్రమే పోతుంది. ఆ సరుకు అమ్మే మీకు ఇది నేను చెప్పాలా?

చివరికి ఒక కుర్రాడిని పంపారు. డ్రమ్ముకు ఫోటో తీసుకుని, నీళ్ల శాంపిల్ పట్టకుండానే వెళ్లిపోయాడు. రిపోర్ట్ ఏదని అడిగితే ఆఫీసును అడగమన్నాడు. ఆఫీసువాళ్లు రాణిగంజ్ డీలర్‌ను అడగమన్నారు. డీలర్ దగ్గరికి వెళితే "నేను బస్తాలు అమ్ముతానండీ, గ్యారంటీ కంపెనీదే" అన్నాడు. ఎండలో నిలబెట్టి ఆ మాట అన్నాడు. వయసులో పెద్దవాడినని కూడా చూడలేదు.

ముందున్న మీడియా నూనె వదిలేస్తే, వెనక ఉన్న కార్బన్ రంధ్రాలు పూడుకుపోతాయి. మీరు నన్ను తిప్పినన్నాళ్లూ అదే జరిగింది. ఇప్పుడు కార్బన్ కూడా పనికిరాదు. ఆ నీళ్లు బయటికి వదలడానికి నాకు మనసు ఒప్పలేదు. ఇక్కడి నుంచి కూకట్‌పల్లి నాలా, అక్కడి నుంచి హుస్సేన్‌సాగర్. ఆ చెరువు ఇప్పటికే ఎంత పాడైందో ఈ ఊళ్లో పుట్టిన నాకు తెలుసు. అందుకే అవుట్‌లెట్ మూసేసి సంపులో, డ్రమ్ముల్లో నింపుతున్నాను, సగం మెషిన్లు ఆపేశాను. కుర్రాళ్ల జీతాలు మాత్రం ఆగవు కదా.

మీ కంపెనీ ఇక్కడ కొత్తగా దుకాణం తెరిచినప్పటి నుంచి మీ దగ్గరే కొంటున్నాను. పక్క షెడ్లవాళ్లకు నేనే చెప్పి కొనిపించాను. కొనేటప్పుడు మీ సేల్స్ ఆయన ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లేవాడు. ఇప్పుడు నా నంబరు చూస్తే ఫోన్ ఎత్తడు. ఇన్నేళ్ల నమ్మకానికి ఇదేనా మీరిచ్చే విలువ?

నీళ్ల గురించి తెలిసిన మనిషిని పంపండి. నా ముందే శాంపిల్ పట్టి, ఏం తేలిందో సంతకం పెట్టి ఇవ్వాలి. మీడియా, కార్బన్ రెండూ మార్చాలి. నూనె పట్టిన పాత మీడియా ప్రమాదకర వ్యర్థం, దాన్ని చెత్తకుండీలో వేయలేం. అలాంటి వ్యర్థాలు తీసుకునే దుండిగల్ కేంద్రానికి పంపే ఖర్చు మీరే పెట్టుకోవాలి.

ఈ వారంలోగా మనిషి రాకపోతే మీకు రావలసిన బిల్లు ఆపేస్తాను, లాయర్ నోటీసు పంపిస్తాను. మా ఎస్టేట్ అసోసియేషన్ మీటింగ్‌లో ల్యాబ్ రిపోర్టు, మీ 'పరిష్కారమైంది' మెసేజ్ పక్కపక్కన పెట్టి అందరికీ చూపిస్తాను. టోల్‌ఫ్రీకి మాత్రం మళ్లీ ఫోన్ చేయను. జవాబు మీ సంతకంతోనే రావాలి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
బాలానగర్, హైదరాబాద్