విశాఖ పెదవాల్తేరు మేడ మీద నుంచి

ఒరే గురూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మీ మేనల్లుడు ఉద్యోగం మానేసి బొమ్మలేసుకుని బతుకుతానంటున్నాడని, మీ అక్క నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదని చెప్పి, ‘నువ్వైతే ఏం చెప్తావురా’ అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే కాగితం తీశాను. కరెంటు పోయింది. కిటికీ తీస్తే సముద్రం హోరు గదిలోకే వచ్చింది. ఉత్తరం రాయడానికి ఇంతకన్నా మంచి రాత్రి దొరకదు.

మీ అక్క ముందు అడిగేది డబ్బు గురించే కాబట్టి అదే ముందు చెప్తాను. నాకు జీతం లేదు, ఒకటో తారీఖు లేదు. పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి చెయ్యాలంటే దాదాపు రెండు నెలలు. కథ నాలుగైదుసార్లు చదవడం, పేజీలన్నీ బొటనవేలంత బొమ్మలుగా ఒకే కాగితం మీద పరుచుకుని చూడడం, వీటికే పది రోజులు పోతాయి. తర్వాత పెన్సిల్ రఫ్‌లు, పుస్తకం వేసేవాళ్లు చెప్పే మార్పులు, ఆఖర్న రంగులు. డబ్బు మూడు వాయిదాల్లో తీసుకుంటాను: మొదలెట్టకముందు ఒకటి, రఫ్‌లు ఒప్పుకున్నాక ఒకటి, ఫైలు ఇచ్చేటప్పుడు ఒకటి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం చేతిలో ఉండాలని అందరూ సెప్టెంబరులోనే మేలుకుంటారు. దసరా నుంచి సంక్రాంతి దాకా నాకు నిద్ర ఉండదు. ఎండాకాలంలో పని పలచబడుతుంది. సంక్రాంతికి వచ్చిన డబ్బుతోనే జూన్ దాకా ఇల్లు నడవాలి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోకుండా వాడు ఉద్యోగం వదలకూడదు. ఇందులో మీ అక్కదే న్యాయం, నేను ఆవిడ వైపే.

రెండోది కాగితాలు. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, అందుకే వాడికి నేను చెప్తున్నాను. మూడేళ్ల కిందట ఒక సంస్థకు పాఠాల పుస్తకాలకు నలభై బొమ్మలు వేసి ఇచ్చాను. ‘బిల్లు పైకి పంపించాం సార్’ అంటూ ఏడు నెలలు తిప్పారు. ఆ ఏడాది అమ్మ కంటి ఆపరేషన్‌కి నీ దగ్గర అప్పు తీసుకోవలసి వచ్చింది, గుర్తుందా? ఆ తర్వాతే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకున్నాను. దానికి రూపాయి ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం నాలాంటి చిన్నవాళ్లకు 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. ఇప్పుడు ఆ నంబరు బిల్లు మీద పైనే వేస్తాను. కోర్టుకు వెళ్లే పని పడలేదు. ఆ నంబరు చూసి ఫోన్ ఎత్తే మనిషి గొంతు మాత్రం మారింది.

ఇంకొకటి, హక్కులు. 1957 కాపీరైట్ చట్టంలో ఒక మెలిక ఉంది. డబ్బిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు వేయించుకున్న వాళ్లకే పోతుంది. కాబట్టి కుంచె తడపకముందే ఒప్పందం రాసుకోవాలి. ఏ పుస్తకానికి, ఏ భాషకు, ఎన్నేళ్లకు, అన్నీ అందులో ఉండాలి. హక్కు రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే అయిదేళ్లని, ఊరూ దేశం లేకపోతే భారతదేశమంతా అని చట్టమే అనుకుంటుంది. ‘సర్వహక్కులూ, శాశ్వతంగా’ అన్న ముక్క కనబడితే నేను సంతకం పెట్టను. కిందటేడాది అలా ఒక మంచి పని వదులుకున్నాను. ఆ నెల కష్టంగానే గడిచింది. మళ్లీ అదే కాగితం వచ్చినా మళ్లీ వదులుకుంటాను, ఎందుకో కింద రాస్తాను.

రెండేళ్ల కిందట రేవు మీద ఒక కథ వచ్చింది. మత్స్యకారుల పిల్ల, వాళ్లమ్మ, చేపల తట్ట, అంతే కథ. కథతో పాటు ‘పడవ ఇలా ఉండాలి’ అని ఒక ఫోటో పంపారు. తెల్ల తెరచాప, నీలం నీళ్లు, ఏ దేశపు పడవో. బొమ్మ బాగానే ఉంది, కానీ ఆ పిల్ల జన్మలో అలాంటి పడవ చూసి ఉండదు. నాకు మనసొప్పలేదు. తెల్లారి అయిదింటికి స్కెచ్ పుస్తకం పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి పోయాను. ఒక్కరోజుతో అవ్వలేదు, పదకొండు రోజులు పోయాను.

గురూ, ఆ రేవు చూడ్డం ఎలాగో నాకు అక్కడే వచ్చింది. మొదటి రోజు అంతా కలగాపులగంగా కనబడింది. మర పడవలు ఒకదానికొకటి ఆనుకుని, జెండాలు, తాళ్లు, ఐసు, కాకులు, వేలం పాట అరుపులు. మూడో రోజుకి ఒక్కొక్కటీ విడివడింది. వంజరం లాంటి పెద్ద చేపల్ని పక్కపక్కన పేర్చి పెడతారు, కవ్వళ్ల లాంటి చిన్నవాటిని కుప్ప పోస్తారు. తట్ట నెత్తిన పెట్టుకునే ముందు చేపలమ్మే ఆవిడ పాత చీర పేలిక చుట్టి చుట్టకుదురు చేసి పెట్టుకుంటుంది. తట్ట ఎత్తడానికి పక్కనున్నావిడ చెయ్యి వేస్తుంది. ఒంటి చేత్తో ఎవరూ ఎత్తుకోరు. ఆ చెయ్యి కథలో లేదు. బొమ్మలో పెట్టాను, దాంతో ఆ పేజీ నిలబడింది.

అయిదో రోజు తెప్ప గీస్తున్నాను. దుంగలు తాడుతో కట్టిన తెప్ప ఇప్పుడు తక్కువ, ఎక్కువగా ఫైబరువే. ఒక మూల పాతది ఒకటి కనబడితే కూర్చున్నాను. ఒక ముసలాయన నా వెనక నిలబడి చాలాసేపు చూసి, ‘ఆ ముడి ఇలగ ఏసినావు గానీ బాబూ, అల కొట్టీసరికి ఊడిపోద్ది’ అన్నాడు. కింద కూర్చుని తాడు ముక్క తీసి కట్టి చూపించాడు. నాలుగుసార్లు కట్టించుకుని, నేను కట్టి, అప్పుడు గీశాను. ఆ ముడి పుస్తకంలో గోరంత ఉంటుంది, ఎవరూ గమనించకపోవచ్చు. కానీ పుస్తకం వచ్చాక రెండు కాపీలు పట్టుకుని రేవుకి వెళ్తే, ఆయన మనవడు ముందు దాని మీదే వేలు పెట్టాడు. ఏడేళ్లుంటాయి వాడికి. ‘తాతా, నీ ముడి’ అన్నాడు. ఆ రోజు ఇంటికి బస్సెక్కలేదురా, బీచ్ రోడ్డంతా నడుచుకుంటూ వచ్చాను.

శాశ్వతంగా హక్కులు రాసివ్వనన్నది ఇందుకే. ఆ ముడి ఆయన నాకిచ్చింది. రేపెవడో దాన్ని కోసి ఏ రొయ్యల మేత సంచి మీదో అచ్చేస్తే వద్దనడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

కంప్యూటరే బొమ్మలేసేస్తోంది కదా, ఇంకెందుకు అన్నావు. భయం లేదంటే అబద్ధం. చిన్న చిన్న పనులు, పోస్టర్లు, పండగ శుభాకాంక్షల కార్డులు, ఇవి నా దగ్గర్నుంచి పోయాయి. కానీ మొన్న ఒకరు ‘విశాఖ రేవు’ అని అడిగి తీసిన బొమ్మ చూపించారు. ఆడవాళ్ల నెత్తి మీద తట్టలున్నాయి, చుట్టకుదుర్లు లేవు. తట్ట ఎత్తించే రెండో చెయ్యి లేదు. నా చోటు అక్కడ ఉందని నమ్ముతున్నాను. మీ వాడికి కూడా ఆ చోటే చూపించాలని ఉంది.

రంగుల గురించి వాడికి ఒక్క మాట. మన సముద్రం పొద్దున్న ఏడింటికి ఉండే ఆకుపచ్చ నీలం స్క్రీన్ మీద వస్తుంది, అచ్చులో రాదు. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సులో ఉండేవి నాలుగు సిరాలు. ఆ కాంతి వాటికి అందదు, నీలం మసకబారిపోతుంది. మొదటి పుస్తకానికి ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా) చూసి ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత ఒకసారి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద నిలబడి చూస్తుంటే, ఆ ఎరుపు పక్కన దూరంగా ఉన్న నీళ్లు మామూలు కన్నా ఎంత నీలంగా కనబడ్డాయో. ఇంటికొచ్చి పడవ అడుగుకి తుప్పెరుపు వేశాను. నీలం మార్చలేదు, పక్కనున్న రంగు మార్చాను. అచ్చులో సముద్రం లేచి నిలబడింది.

ఇక్కడి గాలి నీటిరంగులకు మంచిదే. హైదరాబాద్ ఎండలో వాష్ (నీళ్లు కలిపిన పలచటి రంగు పూత) సగంలో ఆరిపోయి అంచు గీత పడుతుంది, ఇక్కడ తడి నిలుస్తుంది. కాగితానికి మాత్రం బూజు. ప్రతిదీ స్కాన్ చేసి రెండు చోట్ల దాస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కిటికీలు ఊడగొట్టినప్పుడు ఎనిమిదేళ్ల బొమ్మలు తడిసిపోయాయి కదా. తర్వాత రెండు రోజులు నువ్వూ నేనూ దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేశాం. సగం దక్కలేదు. దక్కినవాటి మీద మరకలున్నాయి, అయినా ఒక్కటీ పారేయలేదు.

హైదరాబాద్ వచ్చేయమని నువ్వు ప్రతిసారీ అంటావు. అనకాపల్లి పక్కన కశింకోటలో ఉంటూ చిత్రకారుడు వడ్డాది పాపయ్యగారు పత్రికలకు ఎన్నో బొమ్మలు పంపారు. ఆయన ఎక్కడ, నేనెక్కడ, పోల్చుకోను. కానీ ఆయన వేసిన ఆడవాళ్ల నడక, చీర కుచ్చిళ్లు మన వైపు సంతల్లో చూసినవే అనిపిస్తుంది నాకు. చూసే చోటు దగ్గర్లో ఉండాలి గురూ. నాకది ఇక్కడుంది.

అందుకని మీ వాడికి అవుననీ కాదనీ నేను చెప్పను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. మర పడవలన్నీ రేవులోనే ఉంటాయి. అడుగులు గీకుతారు, రంగులేస్తారు, వలలు బాగుచేసుకుంటారు. పడవ కదలదు కాబట్టి కొత్తవాడు గీయడానికి అదే సమయం. మే మొదటి వారంలో వాణ్ని పంపించు. పది రోజులు నాతో ఉంటాడు, మేడ మీద గాలికి పడుకుంటాడు, తెల్లారి అయిదింటికి ఇద్దరం రేవుకి పోతాం. ఉద్యోగానికి సెలవు పెట్టి రమ్మను, రాజీనామా ఇచ్చి కాదు. అక్కతో ఈ మాట ముందు చెప్పు, అన్నం తింటుంది.

టాబ్లెట్ ఇంట్లో వదిలి రమ్మను. ఒక పెన్ను, గీతల్లేని పుస్తకం చాలు. రబ్బరు వద్దు.

నీ
వాల్తేరోడు