మిద్దె పని ఎవరికి ఇవ్వాలంటే

చిరంజీవి చిన్నమ్మాయికి,
చిత్తూరు నుంచి నాన్న ఆశీస్సులు.

తిరుపతిలో మీరు కొన్న ఇంటి మిద్దె కారుతోందని, ముగ్గురు కాంట్రాక్టర్లు మూడు రేట్లు చెప్పారని రాశావు. రేటు సంగతి తర్వాత. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చెప్పగలిగినవాడికే పని ఇవ్వాలి. కింద గదిలో మరక చూసి, మిద్దె ఎక్కకుండానే మొత్తం కోటింగ్ కొట్టేద్దామన్నవాడికి కాఫీ ఇచ్చి పంపెయ్.

ముందు నువ్వొకటి తేల్చుకో. మరక వానలప్పుడే తడుస్తోందా, ఎండల్లోనూ చెమ్మగా ఉందా? ఎండల్లోనూ ఉంటే ట్యాంకు పైపో, గోడలో పైపో కారుతూ ఉండొచ్చు. దానికి ప్లంబరు చాలు.

పని తెలిసినవాడు పైకెక్కగానే పిట్టగోడ మొదలు, నీళ్లు దిగే గొట్టం నోరు, ట్యాంకు దిమ్మె, మెట్ల గది గోడ వంగి చూస్తాడు. సుత్తితో నేల తట్టుకుంటూ పోతాడు. బోలుగా మోగిందంటే అక్కడ పాత పూత స్లాబును వదిలేసిందని. దాన్ని చెక్కకుండా పైన ఏం పూసినా రెండూ కలిసి లేచిపోతాయి. బకెట్ నీళ్లు పోసి వాటం, అంటే నీళ్లు జారిపోయే వాలు, చూస్తాడు. నూరడుగులకి అడుగు వాటమైనా ఉండాలి. మీ మిద్దె వెడల్పు 30 అడుగులు కాబట్టి ఈ అంచుకీ ఆ అంచుకీ మూడున్నర అంగుళాల తేడా రావాలి.

ఎక్కువగా మోసం చేసేది పిట్టగోడ మూల. గోడ ఇటుక, స్లాబు కాంక్రీటు. ఎండకి రెండూ ఒకేలా సాగవు, కలిసేచోట సన్నగా చీలుతుంది. ఆ చీలికను వెడల్పుగా చెక్కి, దుమ్ము కడిగి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. మూలను గుండ్రంగా తిప్పి, ఫైబర్ మెష్ (వలలాంటి గుడ్డ) పరిచి, పూతను గోడమీదికి అడుగెత్తు ఎక్కించాలి. నేలకి మాత్రం పూసి ఇది వదిలేస్తే కార్తీకంలో మరక మళ్లీ అక్కడే.

రేట్లలో తిరకాసు కూడా ఇక్కడే. 40 x 30 మిద్దె 1200 చదరపు అడుగులు. చుట్టూ 140 అడుగుల గోడకి అడుగెత్తు కలిపితే 1340. ఒకడు 1200కి చెప్పి, సగం పనయ్యాక గోడకి వేరే అంటాడు. ముగ్గురికీ ఒకే కాగితం రాసివ్వు: ఎంత కొలత, పాత పూత చెక్కడం ఎవరిది, చెత్త దించడం ఎవరిది, ఏ మెటీరియల్, పూత ఎన్నిసార్లు. అప్పుడే రేట్లు పోల్చడానికి కుదురుతుంది.

పాతది తియ్యకుండా పైన రెండంగుళాల సిమెంటు పోసి కూలింగ్ టైల్స్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. 1200 అడుగులకి ఆ మందం 200 ఘనపుటడుగులు, దాదాపు 12 టన్నులు. టైల్స్ బరువు అదనం. పాత స్లాబు నెత్తిన అంత ఎందుకు? గదిలో పెచ్చులూడి తుప్పు పట్టిన కమ్మీ కనిపిస్తే మాత్రం కాంట్రాక్టరు కంటే ముందు సివిల్ ఇంజనీరును పిలవండి. తుప్పు కమ్మీని ఉబ్బించి కాంక్రీటును తోసేస్తుంది, పైపైన సిమెంటు పూస్తే మళ్లీ రాలుతుంది.

పూత డబ్బా మీద కిలోకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది. రెండుసార్ల పూతకీ కలిపి కిలోకి 10 అడుగులనుకుంటే 1340కి 134 కిలోలు, అంటే 20 కిలోల డబ్బాలు ఏడు. సీలు నీ ఎదుటే తీయించు, ఖాళీ డబ్బాలు పనయ్యేదాకా ఇంట్లోనే ఉంచు. నీళ్లు ఎక్కువ కలిపి నాలుగింటితో సరిపెట్టేవాళ్లున్నారు. కంపెనీ గ్యారంటీ అంటే చాలావరకు మెటీరియల్‌కే, పనితనానికి కాంట్రాక్టరు వేరుగా రాసివ్వాలి.

అడ్వాన్సు 20 శాతం దాటనివ్వకు. చెక్కి, కడిగాక కొంత, రెండోసారి పూత ఆరాక కొంత. 15 శాతం మాత్రం పట్టుకో. గొట్టాలు మూసి అంగుళం నీళ్లు 48 గంటలు నిలబెట్టి, కింద తడి రాకపోతేనే అది ఇవ్వు. కమ్మీలు తుప్పు పట్టిన స్లాబు మీద ఈ నీళ్ల పరీక్ష వద్దు.

అతను రెండు మూడేళ్ల కిందట చేసిన మిద్దెలు చూపించమను, ఆ ఇంటివాళ్లనే అడుగు. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలకి ముందు చేసినదేదైనా ఉంటే ఇంకా మంచిది.

పెద్ద పని సంక్రాంతి దాటాకే పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, తడి స్లాబు మీద పూత బుడగలొస్తుంది. ఈలోగా చీలికలు మాత్రం పూడ్పించి, గొట్టాల నోళ్లలో ఆకులు తీయించు. ముగ్గురి కాగితాలూ వచ్చాక ఫోటో తీసి పంపు, అల్లుడు గారితో కూడా మాట్లాడతాను.

నాన్న