మా మేనకోడలి వైద్యం మధ్యలో ఆగకుండా చూసిన అందరికీ

ఒడిశాలోని గుణుపురం నుంచి రాస్తున్నాను. మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు. రక్త క్యాన్సర్‌కి పెద్ద కీమోలన్నీ పూర్తయ్యి మొన్న సోమవారం నుంచి మళ్లీ బడికి వెళ్తోంది. వైద్యం ఇంకా అయిపోలేదు. రోజూ రాత్రి మాత్ర వేసుకోవాలి, వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే కీమో మాత్ర మింగాలి, డేటు ఇచ్చినప్పుడల్లా విశాఖ వెళ్లి చూపించుకోవాలి. అయినా ఇప్పుడే రాయమని అక్క అంది. "అంతా అయ్యాక చెబుదామనుకుంటే ఎవరు ఏం చేశారో సగం మరిచిపోతాం రా తమ్ముడూ" అంది. అందుకే బావ, అక్క, నేను ముగ్గురం కూర్చుని గుర్తు చేసుకుంటూ రాస్తున్నాం.

మొదటి దండం మా దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోని కుర్ర డాక్టరు గారికి. మా వైపు జ్వరమంటే ముందు మలేరియా, తర్వాత టైఫాయిడ్. పాపకి జ్వరం విడిచి విడిచి వస్తోంది, మోకాళ్లు నొప్పులంటోంది, మొహం పాలిపోయింది. ఆయన కాళ్ల మీద కమిలిన మచ్చలు చూశారు, మెడ దగ్గర కట్టిన బిళ్లలు, పొట్టలో ప్లీహం తడిమి చూశారు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక స్లైడు తనే మైక్రోస్కోపులో చూసుకుని, ఈ రాత్రికే పెద్దాసుపత్రికి బయల్దేరండి అన్నారు. దగ్గర ఉన్న చుట్టాలెవరో స్టెరాయిడ్ సూది వేస్తే జ్వరం దిగుతుంది కదా అన్నారు. ఆయన వద్దంటే వద్దన్నారు. దాని విలువ విశాఖ వెళ్లాక తెలిసింది. స్టెరాయిడ్ ఈ జబ్బుకి వాడే మందుల్లో ఒకటి. పరీక్షలు అవ్వకుండా ముందే పడితే జబ్బు కాస్త అణిగినట్టు కనిపించి, అసలు రోగం ఏమిటో తేలడమే కష్టమవుతుందట. ఆయన వేయకపోవడం మా అదృష్టం.

విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చేర్చాం. ఎముక మజ్జ పరీక్ష చేసి ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అని చెప్పారు. వార్డులో అందరూ ఏ.ఎల్.ఎల్. అనే అంటారు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే, బాగా నయమయ్యే వాటిలోనూ ఇదొకటి. అమ్మానాన్నలు చేసిన దాని వల్ల వచ్చింది కాదు, తిండి వల్ల వచ్చింది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు అని మొదటి రోజే డాక్టరమ్మ అక్కని కూర్చోబెట్టి చెప్పారు. ఆ మూడు మాటలు అక్కకి ఎంత అవసరమో ఆవిడకి ఎలా తెలిసిందో గానీ, అక్క ఆ రోజు అన్నం తింది.

పాపకి చెప్పాలా వద్దా అన్నది మా ఇంట్లో పెద్ద గొడవ. చెప్పకూడదని మా అమ్మ, నాయనమ్మ వరస పెద్దలందరూ పట్టుబట్టారు. డాక్టరమ్మ అందరి మాటా ఓపికగా విన్నారు. "ఆరేళ్ల పిల్ల అయితే వేరు. ఈ వయసు పిల్ల ఫోన్లో మందు పేరు కొట్టి చూసేసుకుంటుంది. మనం చెబితే మనల్ని నమ్ముతుంది" అన్నారు. అక్క సరేనన్నాక పాప పక్కన మంచం మీదే కూర్చుని జబ్బు పేరు, మందులు, జుట్టు ఊడి మళ్లీ రావడం, ఎంత కాలం పడుతుంది, అన్నీ చెప్పారు. చచ్చిపోతానా అని పాప అడిగింది. ఆవిడ కంగారు పడలేదు, అబద్ధమూ చెప్పలేదు. ఎక్కువమందికి నయమవుతుంది, నీకు నయం చేయడానికే ఈ మందులు, భయమేస్తే ఎప్పుడైనా నన్నే అడుగు అన్నారు. ఆ రోజు నుంచి పాప ఒక నోటుబుక్కు పెట్టుకుని తన కౌంట్లు, అంటే రక్తకణాల లెక్కలు, తనే రాసుకునేది. రక్తం కారకుండా ఆపే కణాలు ప్లేట్‌లెట్లు, అవి పెరిగితే మాకంటే ముందు తనే చెప్పేది.

ఇది అక్క రాయమంది కాబట్టి రాస్తున్నాను, ఆడపిల్లలున్న వాళ్లకి పనికొస్తుంది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు నెలసరి వస్తే రక్తస్రావం ఆగకపోవచ్చు. అందుకని కొన్నాళ్లు రాకుండా మాత్ర ఇచ్చారు. ఆ సంగతి మగవాళ్లందరినీ బయటికి పంపి, పాపతో విడిగా మాట్లాడారు. అది చిన్న విషయం కాదు.

సిస్టర్ల గురించి ఎంత రాసినా తక్కువే. ప్రతి కీమో సంచీ మీద పేరు, నంబరు ఇద్దరు చదివి సరిచూసుకున్నాకే ఎక్కించేవారు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు పడిన వారం మలబద్ధకం, దవడ నొప్పి వస్తాయని ముందే చెప్పేవారు, అందుకని వచ్చినప్పుడు మాకు టెన్షన్ ఉండేది కాదు. జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసి ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే రండి అని అక్క చేత అప్పజెప్పించుకున్నారు. తెల్లకణాలు అడుగంటినప్పుడు ఇన్ఫెక్షన్‌కి జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఒక అర్ధరాత్రి అలాగే వెళ్లాం. గేటు దగ్గర నుంచి సూది పడే దాకా ఎవరూ మమ్మల్ని ఆగమనలేదు. మా ఇంట్లో ఎండాకాలమంతా చద్దన్నం అలవాటు. కౌంట్లు తక్కువున్నన్నాళ్లు అది పూర్తిగా మానాలి, అప్పటికప్పుడు వండిన వేడన్నమే పెట్టాలన్నారు. స్టెరాయిడ్ వాడిన వారాల్లో పాపకి రాత్రి రెండింటికి ఆకలేసేది. ఆ వేళలో వేడివేడిగా ఉప్మా చేసి తెచ్చిన క్యాంటీను పెద్దాయనకి మా అక్క దండం పెడుతోంది.

రక్తం ఇచ్చిన వాళ్లలో చాలామంది పేర్లు కూడా మాకు తెలియవు. ప్లేట్‌లెట్లు తీశాక ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. ముందే పోగేసి పెట్టుకునే వీలు లేదు, అవసరం పడినప్పుడు మనిషి రావాలి. ఒకే దాత దగ్గర మిషను మీద తీసే ఎస్.డి.పి. ఒకటి, మామూలుగా ఐదారుగురి రక్తం నుంచి తీసినంత అవుతుంది. గంట పైగా కదలకుండా పడుకోవాలి. ఒడిశా నుంచి వచ్చిన వాళ్లం, ఆ ఊళ్లో మాకెవరున్నారు? గాజువాక కుర్రాళ్లు వచ్చారు. స్టీల్ ప్లాంటులో పని చేసే ఒకాయన నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చారు. నిద్ర లేని మనిషి దగ్గర తీసుకోం అని బ్లడ్ బ్యాంకు వాళ్లు పంపేశారు. ఆయన ఇంటికెళ్లి, తిని, పడుకుని, సాయంత్రం మళ్లీ వచ్చారు. మేము బస్సు చార్జీలు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇక అసలు సంగతి. మొదటి నెల తిరిగేసరికి మజ్జలో క్యాన్సర్ కణాలు కనబడటం లేదన్నారు. అప్పుడే ఊళ్లో మాటలు మొదలయ్యాయి. తగ్గిపోయింది కదా, ఇంకా ఆ విషం ఎందుకు ఎక్కించడం, ఫలానా చోట పసరు ఇస్తారు అని. అప్పటికి కోతల కాలం, చేతిలో డబ్బు ఆడని రోజులు. ఆసుపత్రి సోషల్ వర్కర్ అమ్మాయి ఫోన్ చేసి మా తాతగారితోనే మాట్లాడింది. "తాతగారూ, కలుపు తీసేశాక మళ్లీ మొలవదని చేను వదిలేస్తారా? ఇది కూడా రెండేళ్ల పైచిలుకు చూసుకోవాలి" అంది. ఆయన మారు మాట్లాడలేదు. మంచి వైద్యం అందే ధనిక దేశాల్లో పిల్లల క్యాన్సర్లు 80 శాతం పైగా నయమవుతుంటే, మన వంటి చోట్ల అంత కాకపోవడానికి ఆలస్యంగా కనిపెట్టడం, మధ్యలో మానేయడం పెద్ద కారణాలని ఆ అమ్మాయే చెప్పింది. డేటుకి రెండు రోజుల ముందు గుర్తు చేసేది. రైల్వే రాయితీ ఫారం ఆసుపత్రిలో నింపించి సంతకం చేయించి ఇచ్చింది. క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్టు చార్జీలో పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. అది లేకపోతే ఎన్ని డేట్లు తప్పేవో.

వార్డులో తల్లులందరూ ఒకరికొకరు ఆసరా. రాయగడ కొండల నుంచి వచ్చిన ఒక సవర తల్లికి తెలుగు రాదు, ఒడియా కొద్దిగా వచ్చు. అక్క ఆవిడకి మందుల వేళలు చెప్పేది, ఆవిడ అక్క నిద్రపోతే పాపని కనిపెట్టుకుని ఉండేది. విజయనగరం దగ్గర నుంచి వచ్చిన ఇంకో తల్లి తన కొడుకుని దక్కించుకోలేకపోయింది. వెళ్లిపోతూ వాడని మాస్కులు, థర్మామీటరు, ఎలక్ట్రిక్ కెటిల్ మా మంచం దగ్గర పెట్టి వెళ్లింది. అమ్మా, ఈ మాటలు మీ దాకా వస్తే, ఆ కెటిల్‌లోనే పాపకి ఇప్పటికీ నీళ్లు కాస్తున్నాం. మీ బాబు పేరు మేము తలుచుకోని రోజు లేదు.

బడిలో మాస్టార్లు పాఠాలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. పాప తిరిగి వెళ్లే ముందు రోజు క్లాస్ టీచరు గారు, టోపీ గురించి ఎవరూ అడగొద్దని పిల్లలకి చెప్పారట. అమ్మవారు మొలిచినవాళ్లు, పొంగు పోసినవాళ్లు ఎవరైనా ఉంటే పాపకి ప్రమాదం, వెంటనే మాకు ఫోన్ చేయమని మేము అడిగితే, హెడ్మాస్టారు గారు అన్ని క్లాసుల వాళ్లకీ చెప్పి పెట్టారు.

గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి వైపు ఎవరి బిడ్డకైనా ఇలాంటి జబ్బు అని చెప్పి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఏ రైలెక్కాలి, ఏ కాగితాలు తీసుకెళ్లాలి, ఎక్కడ ఉండాలి, అక్క చెబుతుంది. ఒడియాలో కావాలంటే ఒడియాలో చెబుతుంది. ప్లేట్‌లెట్లు ఇవ్వగలిగిన వాళ్లు విశాఖలో ఉంటే మీ బ్లడ్ గ్రూపు, గాజువాక నుంచి ఎంత దూరమో రాసి పంపండి. పేర్లు ఒక కాగితం మీద రాసి, ఈసారి డేటుకి వెళ్లినప్పుడు సోషల్ వర్కర్ గారికి ఇచ్చి వస్తాం.