‘అయ్యా’ అన్నా, ‘ప్రభువా’ అన్నా

జమ్మలమడుగు,
ఆదివారం సాయంత్రం

పాపా,

దీవెనలు. నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండా "అన్నం తిన్నావా?" అని మాట మార్చాను. ఫోన్ పెట్టేశాక మీ అమ్మ నవ్వింది. "ఏడో క్లాసులో కూడా పాప ఇదే అడిగింది, అప్పుడూ ఇట్లాగే చేశావు" అంది. నిజమే. సండే స్కూల్ నుంచి వచ్చి, "నేను దేవుణ్ణి అని యేసు ఎక్కడ చెప్పాడు నాయనా?" అంటే, "అట్లాంటివి అడగకూడదు" అని కసురుకున్నాను. నాకు తెలియక కసురుకున్నాను గానీ నువ్వు అడిగింది తప్పయి కాదు.

ఇప్పుడు బెంగళూరులో నీ రూమ్మేట్ అదే అడిగిందని టెన్షన్ పడొద్దు. ముందు ఉన్నదున్నట్టు ఒప్పుకో. "నేను దేవుణ్ణి" అని అవే మాటలు నాలుగు సువార్తల్లో యేసు నోట ఎక్కడా లేవు. ఆ ఒక్క వాక్యం కోసమే వెతికితే దొరకదు. ఎవరు ఆయన్ని ఏమని పిలిచారు, ఆయన ఏమన్నాడు, అది చూడాలి.

సమరయ స్త్రీ బావి దగ్గర "అయ్యా, యీ బావి లోతైనది" అంటుంది కదా. పుట్టు గుడ్డివాడు చూపు వచ్చాక "ప్రభువా, నేను విశ్వసించుచున్నాను" అని మొక్కుతాడు. తెలుగులో రెండు మాటలు, సువార్తలు మొదట రాసిన గ్రీకులో రెండూ ఒకటే, కురియోస్. పెద్దమనిషిని పిలవడానికీ అదే, దేవుణ్ణి పిలవడానికీ అదే. సందర్భాన్ని బట్టి మనవాళ్లు ఒకచోట అయ్యా అని, ఒకచోట ప్రభువా అని రాశారు. కాబట్టి ఆ ఒక్క పిలుపు పట్టుకుని వాదిస్తే నిలవదు.

కానీ ఇంకోటి చూడు. ఇది నాకు రిటైరయ్యాక గానీ తెలియలేదు. పాత నిబంధనలో యోవేలు 2:32లో, యెహోవా నామాన్ని బట్టి ప్రార్థన చేసేవాళ్లు రక్షించబడతారని ఉంది. అపొస్తలుడు పౌలు రోమా 10:13లో ఆ మాటనే ఎత్తి రాశాడు. అక్కడ మన బైబిల్లో "ప్రభువు నామము" అని ఉంటుంది. నాలుగు వచనాల పైన ఆ ప్రభువు ఎవరో చెప్పనే చెప్పాడు: యేసు. పాత నిబంధనను గ్రీకు అనువాదంలో చదివేవాళ్లకు రెండు చోట్లా కురియోస్ అనే కనిపిస్తుంది, ఇట్టే పట్టుకుంటారు. మనకు అక్కడ యెహోవా, ఇక్కడ ప్రభువు. దారం మధ్యలో తెగినట్టుంటుంది. నలభై ఏళ్లు చదివి కూడా నేను రెండూ కలిపి చూసుకోలేదు.

ఇక శిష్యుడు తోమా. తిరిగి లేచిన యేసును చూసి "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఒక ముసలాయన నన్ను డిపో మేనేజర్ అనుకుని చేతులు జోడించాడు. "నేను కండక్టర్‌ని పెద్దాయనా, సార్ లోపల ఉన్నారు" అని వెంటనే చెప్పాను. ఎవరైనా అదే చేస్తారు. కొర్నేలీ అనే శతాధిపతి కాళ్లమీద పడితే అపొస్తలుడు పేతురు "నీవు లేచి నిలువుము, నేను కూడ నరుడనే" అన్నాడు. ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలో యోహాను మొక్కబోతే దేవదూత "వద్దుసుమీ" అన్నాడు. తోమాతో యేసు మాత్రం అట్లా అనలేదు. చూసి నమ్మావు, చూడక నమ్మినవాళ్లు ధన్యులు అన్నాడు. నాకు అన్నిటికంటే గట్టి మాట ఇదే.

"అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను" అని యేసు అన్నదీ ఉంది. మండే పొదలో మోషేకు వినిపించిన "ఉన్నవాడను" అనే పేరు తెలిసినవాళ్లు అది వినగానే రాళ్లు ఎత్తారు. తనను దేవుడని చెప్పుకుంటున్నాడని వాళ్లకు అర్థమైంది మరి.

ఆ అమ్మాయి తెలివైనదైతే మార్కు 10:18 తీస్తుంది. నన్ను సత్పురుషుడని ఎందుకంటావు, దేవుడొక్కడే సత్పురుషుడు కదా అని యేసే ఒక యువకుడితో అన్నాడు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని కూడా అన్నాడు. ఉన్నాయి, దాచొద్దు. అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే సంఘ పెద్ద ఇట్లాంటి వచనాలు పట్టుకునే, కుమారుడు సృష్టించబడినవాడే అన్నాడు. ఆ గొడవ తేల్చడానికే 325లో నైసియా అనే ఊళ్లో బిషప్పుల సభ కూర్చుంది. తండ్రీ కుమారుడూ ఒకే స్వభావం అని అక్కడ రాసిన మాటే మనం బల్ల ఆరాధనలో విశ్వాస ప్రమాణంలో ఇప్పటికీ చదువుతాం. నువ్వు చిన్నప్పుడు అక్కడే నిద్రపోయేదానివి. మార్కు వచనానికి మన బోధకులు చెప్పే సమాధానం, ఆయన కాదనలేదు, ఆ యువకుణ్ణి ఆలోచించమన్నాడు అని. నాకు అది సగమే సరిపోతుంది. ఫిలిప్పీ 2 కూడా పక్కన పెట్టుకుని చదువు, దేవుని స్వరూపం కలిగినవాడే తన్ను తాను తగ్గించుకున్నాడని ఉంటుంది.

రేపు బెంగళూరు బస్సులో బొరుగుల ఉండలు, మీ అమ్మ పాత బైబిలు పంపుతున్నా. యోవేలు దగ్గర ఒకటి, రోమా దగ్గర ఒకటి బస్సు టికెట్లు పెట్టాను. రెండూ నా ఆఖరి డ్యూటీ ప్రొద్దుటూరు టికెట్లు, పారేయొద్దు.

మీ నాయన