విశాఖలో కొలువంటే ఊరికి ఏ కొసన?

సంపాదకుల వారికి నమస్కారాలు.

బరంపురానికి భువనేశ్వరమే దగ్గరైనా, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకుని పెరిగిన మా పిల్లల్లో చాలామంది తొలి కొలువుకు విశాఖపట్నం వైపే మొగ్గుతారు. నిరుడు మా అమ్మాయికి అక్కడే ఒకే వారంలో రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి ఊరి నడుమ ద్వారకానగర్‌లోని చిన్న సంస్థలో, రెండోది రుషికొండ ఐటీ కొండ మీది పెద్ద సంస్థలో. రెండోచోట జీతం నెలకు ఆరు వేలు ఎక్కువ. రెండు ఆఫర్ లెటర్లలోనూ పనిచేసే చోటు ‘విశాఖపట్నం’ అనే రాసి ఉండడంతో, ఊరు ఒకటే కదా అని మేము జీతం ఒక్కటే చూసి కొండనే ఎంచుకున్నాం.

ఆ ఊరిని మా వైపువాళ్లు రెండు దారుల్లో చేరుకుంటారు. రైలులో వెళితే కొత్తవలస, పెందుర్తి మీదుగా ఊరి నడుమ దిగుతాం. 16వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో వెళితే ఆనందపురం దాటాక రుషికొండ వైపున్న మధురవాడ ముందు వస్తుంది, కాంప్లెక్సు (ఊళ్లోని ఆర్టీసీ బస్టాండు) ఇంకా చాలా దూరం ఉంటుంది. కాబట్టి కొండ మీది కొలువు బస్సులో వచ్చేవారికి ఇంటికి కాస్త దగ్గర, రైలును నమ్ముకున్న మాలాంటివారికి మాత్రం స్టేషను నుంచి మరో ప్రయాణం. పటం చూసి ముందే గ్రహించవలసిన సంగతి ఇది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకే తట్టలేదు.

మధురవాడ వైపు హాస్టలు చవకగానే దొరికింది. చిక్కు వేళలతో వచ్చింది. షిఫ్టు రాత్రి తొమ్మిదిన్నరకు ముగిసేది. సంస్థ బండి కార్‌షెడ్ కూడలి దాకానే వచ్చేది. అక్కడి నుంచి వానలో, చీకట్లో ఒంటరిగా నడవవద్దని మేమే ఆటో మాట్లాడుకోమన్నాం. సెలవు రోజున ఊళ్లోకి వెళ్లి వచ్చే ఖర్చు కూడా కలుపుకుంటే, ఎక్కువ వస్తుందనుకున్న ఆరు వేలలో సగానికి పైగా దారికే పోయింది. ద్వారకానగర్‌లో ఉండి ఉంటే సాయంత్రం పౌర గ్రంథాలయానికో, ఏదైనా శిక్షణ తరగతికో నడిచి వెళ్లేదని నేనంటే, అమ్మాయి ఒప్పుకోలేదు. “నాన్నా, ఇక్కడ ఒక ఆఫీసు మానేస్తే పక్కనే ఇంకోటి ఉంటుంది, గది మారక్కర్లేదు. ఆ చిన్న సంస్థ మూతపడితే నా గతేమిటి?” అంది. 2023లో ఇన్ఫోసిస్ రుషికొండలో కార్యాలయం తెరిచింది; 2025లో టీసీఎస్‌కు అక్కడే 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసల ధరకు కేటాయించారు. అమ్మాయి మాటకు నా దగ్గర జవాబు లేదు.

అయితే కార్యాలయాలు వచ్చినంత త్వరగా దారులు రావు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ 1978లో మొదలైతే ఎత్తైన వంతెన రహదారి 2010లో, మెట్రో 2025 ఆగస్టులో అందాయి. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ ప్రాంతానికి మెట్రో చేరింది 2019లో. ఇరవై రెండేళ్ల పిల్ల ఈ రోజు గది వెతుక్కునేటప్పుడు, స్థలాల వ్యాపారులు కరపత్రాల్లో గీసే మెట్రో గీతను లెక్కలోకి తీసుకోకూడదు (ఆ గీతలు వాళ్ల స్థలం గేటు ముందే ఆగుతాయి, అది వేరే సంగతి).

నేను కోరేది రెండే. సంస్థలు ఆఫర్ లెటర్‌లో ఊరి పేరుతో సరిపెట్టకుండా, కార్యాలయం ఏ భవనమో, షిఫ్టు వేళలేమిటో, సంస్థ బండి ఎంతవరకు దింపుతుందో కూడా రాయాలి. ఆర్టీసీ వారు షిఫ్టులు ముగిసే వేళలకు కొండ మీది నుంచి కార్‌షెడ్, కాంప్లెక్సు, రైల్వే స్టేషనులకు బస్సులు నడపాలి. ఎకరాలు ఇవ్వగలిగిన ప్రభుత్వానికి నాలుగు బస్సులు బరువు కావు.

ఈ నెలలో మా తమ్ముడి కొడుక్కీ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. అందులోనూ ‘విశాఖపట్నం’ అనే ఉంది. ఏ భవనమో తెలపమని వాడు రాసి వారమైంది. ఇంతవరకు జవాబు లేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బరంపురం, గంజాం జిల్లా.